గిల్డ్ పెట్టె కోసం మనుషులను తీసేయాలా?

రెల్లుగడ్డి
మేమాడే ఆట పేరు రాయను. ఇక్కడ చాలామంది అదే ఆడుతున్నారు, చదవగానే తెలిసిపోతుంది. మొన్నటి అప్‌డేట్‌లో గిల్డ్‌కు, అంటే కలిసి ఆడే జట్టుకు, వారం వారం ఇచ్చే బహుమతి పెట్టె పద్ధతి మార్చారు. ఇంతకుముందు గిల్డ్ మొత్తం కలిసి కొన్ని పాయింట్లు తెస్తే పెట్టె తెరుచుకునేది. ఇప్పుడు జాబితాలో ఉన్న 30 మందిలో ప్రతి ఒక్కరూ ఆ వారం పని పూర్తి చేయాలి. ఒక్కరు చేయకపోయినా అందరికీ రెండో రకం పెట్టే దక్కుతుంది. పైగా చేయనివాళ్ల పేర్లు గిల్డ్ పేజీలో ఎర్ర అక్షరాలతో, అందరికీ కనిపించేలా పెడుతున్నారు.

గిల్డ్ పుట్టినప్పటి నుంచి మాతో ఉన్న హీలర్ (జట్టులో గాయాలు మాన్పే పాత్ర) ఒకావిడ ఉన్నారు. కొత్త ఉద్యోగంలో చేరాక తీరిక తగ్గింది. ఎప్పుడో ఒక సాయంత్రం వస్తారు, వచ్చిన రోజు రైడ్ (బాస్ అనే పెద్ద రాక్షసుడి మీదికి జట్టుగా చేసే దాడి) మొత్తాన్ని మోస్తారు. కొన్ని వారాలుగా ఆవిడ పేరు ఎర్రగా ఉంటోంది. నిన్న ఒక ఆఫీసర్ ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఆవిడను గిల్డ్ నుంచి తొలగించారు. ఆవిడ నాకు పంపిన సందేశం ఒక్కటే: "పెట్టె తెరుచుకుందా?"

ఆటవాళ్లకు ఫిర్యాదు రాద్దామనుకుంటున్నాను. ఊరికే తిట్టి పంపితే చదవరు. ఏమి అడగాలో, ఏ ఆటలో ఇది సరిగా చేశారో చెప్పండి.

తుప్పుకత్తి
తప్పు ఆటది కాదు, ఆ ఆఫీసర్‌ది. మాకూ అదే పెట్టె, అవే ఎర్ర అక్షరాలు. ఎవరినీ తీయలేదు. రెండో రకం పెట్టె తీసుకుని మా ఆట మేము ఆడుకుంటున్నాం.

నిప్పుకోడి
రెండో రకం పెట్టెలో పదును రాయి రాదు కదా. అది లేకుండా పై స్థాయి రైడ్‌కు వెళ్లి చూడండి, బాస్ రెండో దశ ఎలా ఉంటుందో కూడా తెలియదు. పై రైడ్ జోలికి పోనివాళ్లకు "మా ఆట మేము ఆడుకుంటున్నాం" అనడం తేలికే.

తుప్పుకత్తి
పోతాం. నెమ్మదిగా ఆడతాం.

మూడోబెంచీ
నెమ్మదిగా చావడం అని కూడా అంటారు దాన్ని.

లెక్కలపిచ్చి
ఆఫీసర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పెట్టె లెక్క చూడండి. మీ గిల్డ్‌లో ఒక్కొక్కరూ 100 వారాల్లో 95 వారాలు పని పూర్తి చేసే బుద్ధిమంతులే అనుకుందాం. అలాంటివాళ్లు 30 మంది ఒకే వారం అందరూ పూర్తి చేయాలంటే 0.95ను 30 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 21 శాతం. అంటే అయిదు వారాలకు ఒకసారి పెట్టె తెరుచుకుంటుంది, అంతే. ఇంకా నమ్మకస్తులను, 98 శాతం వాళ్లను ఏరి తెచ్చుకున్నా 55 శాతం దగ్గర ఆగిపోతారు.

ఇప్పుడు నియమం కాస్త సడలించి 30 మందిలో 25 మంది చేస్తే చాలు అనండి. అదే 95 శాతం మనుషులతో 99 శాతం పైగా వారాల్లో పెట్టె తెరుచుకుంటుంది. ఎవరి బద్ధకమూ తగ్గలేదు, ఎవరినీ తీసేయలేదు, అయిదుగురికి వెసులుబాటు ఇచ్చారు అంతే. ఎవరి ఇబ్బంది వారిదే, ఒకరి గైర్హాజరుకూ మరొకరి దానికీ సంబంధం లేదు అనుకుని వేసిన లెక్క ఇది. సెలవుల వారంలో అందరూ ఒకేసారి మాయమైతే ఈ లెక్క పనికిరాదు.

రెల్లుగడ్డి
ఇది అలాగే ఫిర్యాదులో పెడతాను. మా గిల్డ్‌లో ఇప్పటిదాకా జరిగింది కూడా ఇంచుమించు ఇదే. ఒక వారం తెరుచుకుంటే నెల రోజులు దాని గురించే చెప్పుకుంటున్నాం.

పాతకాపు
గిల్డ్‌కు బహుమతులు ముడిపెట్టి గిల్డ్‌లనే చెడగొట్టడం కొత్తేమీ కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో 2010 డిసెంబరులో కాటక్లిజం అనే కొత్త భాగం వచ్చినప్పుడు గిల్డ్‌లకు లెవెళ్లు పెట్టారు, 25 వరకు. లెవెల్ పెరిగేకొద్దీ సభ్యులకు సౌకర్యాలు. అనుభవ పాయింట్లు 10 శాతం అదనం, వాహనం మీద వేగం ఎక్కువ, రైడ్ మొత్తాన్ని ఒకేసారి తన దగ్గరికి పిలిపించుకునే మంత్రం. కాగితం మీద ముచ్చటగానే ఉంది.

జరిగింది వేరు. 25 చేరిన పెద్ద గిల్డ్‌లు కనిపించిన ప్రతి పాత్రకూ ఆహ్వానం పంపడం మొదలుపెట్టాయి. కొత్త పాత్ర తయారు చేసుకుని నాలుగు అడుగులు వేయకముందే తెర మీద "ఫలానా గిల్డ్‌లో చేరతారా" అని గడి. చేరినవాళ్లు ఎవరితోనూ మాట్లాడరు, వాళ్లను ఎవరూ పలకరించరు. ఇటు చూస్తే పదిమంది స్నేహితుల గిల్డ్ ఇంకా లెవెల్ 6 దగ్గర ఈదుతూ ఉంటుంది. మా వాళ్లు ఒక్కొక్కరే "సౌకర్యాల కోసమే, మళ్లీ వస్తాం" అంటూ వెళ్లారు. వెళ్లాక కొత్త గిల్డ్‌లో పేరు సంపాదించుకోవడం మొదటి నుంచి మొదలు, తిరిగి వస్తే అదీ పోతుంది. అందుకని ఎవరూ రాలేదు. 2014లో వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రేనార్ అనే భాగంతో ఆ లెవెళ్లు ఎత్తేశారు. అప్పటికి మా గిల్డ్‌లో మిగిలింది నేనూ, గిల్డ్ బ్యాంకూ.

మూడోబెంచీ
బ్యాంకు మిగిలితే నష్టమేముంది?

పాతకాపు
అందులో ఉన్నది చేపలు పట్టే గాలాలు, నాయనా.

నిప్పుకోడి
పాతకాపు గారు, అలా దారిన పోతుండగా వచ్చిన ఆహ్వానంతోనే నేను నా గిల్డ్‌లో చేరాను. మొదట్లో ఎవరూ పలకరించని మాట నిజమే. ఓ రోజు గిల్డ్ చాట్‌లో దారి అడిగితే ఒకాయన వచ్చి గుహ చివరిదాకా తీసుకెళ్లాడు. ఇప్పటికీ ఆయనతోనే ఆడుతున్నాను. సౌకర్యాల ఆశ లేకపోతే నేను ఏ గిల్డ్‌లోనూ చేరేదాన్నే కాదు.

చిలకపలుకు
చెడగొట్టిన కథ విన్నాం, సరిగ్గా చేసినది ఒకటి చెబుతాను. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో 2017 చివరి నుంచి క్లాన్ గేమ్స్ ఉన్నాయి. క్లాన్ అంటే అక్కడి గిల్డ్, అందులో 50 మంది దాకా ఉండవచ్చు. ఒక్కొక్కరు సాధారణంగా 4,000 పాయింట్లకు మించి తేలేరు. చివరి మెట్టు తెరవడానికి క్లాన్ మొత్తం మీద 50,000 కావాలి. అంటే 13 మంది పూర్తిగా ఆడితే చాలు. మిగతా 37 మందిలో ఒకరికి పరీక్షలు, ఒకరికి ప్రయాణం, ఒకరికి ఊరికే బద్ధకం. వాళ్లు తోచినంత ఆడినా బహుమతి అందుతుంది. మరోవైపు, రోజంతా ఫోను వదలని మహానుభావుడు ఒక్కడే అంతా లాగేసి పెత్తనం చేద్దామన్నా 4,000 దగ్గర ఆట ఆపేస్తుంది. రెండు వైపులా ఆలోచించి పెట్టిన హద్దులు అవి.

తుప్పుకత్తి
అదే ఆటలో క్లాన్ వార్ లీగ్ సంగతి కూడా చెప్పండి మరి. 7 యుద్ధాలు అయ్యాక అదనపు పతకాలు ఎవరికి ఇవ్వాలో లీడర్ చేత ఎంపిక చేయిస్తారు. ఉండేవి కొన్నే, ఆడినవాళ్లు చాలామంది. మా క్లాన్ రెండుగా చీలింది ఆ పతకాల దగ్గరే. లీడర్ మొదటి పతకం వాళ్ల తమ్ముడికి ఇచ్చాడు. ఆ తమ్ముడు ఒక యుద్ధంలో దాడి చేయడమే మరచిపోయాడు.

మూడోబెంచీ
వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే.

గిల్డుగుమస్తా
గిల్డ్ నడిపేవాళ్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతాను.

రైడ్ రాత్రి 8 గంటలకు అంటే నేను ఏడున్నరకే కూర్చుంటాను. 20 మంది కావాలి. పది నిమిషాల తక్కువ ఎనిమిదికి 17 పేర్లు ఉంటాయి. ముందు నిలబడి దెబ్బలు కాచుకునే ట్యాంక్‌లలో ఒకరు "రెండు నిమిషాలు" అని పెట్టి మాయమవుతారు. ఒక హీలర్ వస్తారు గాని మైకు పనిచేయదు. ఆయన చెప్పేది చాట్‌లో చదువుకోవాలి, చాట్ చదువుతున్నవాడు నిప్పులో నిలబడి చస్తాడు. ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, వాళ్లను వేర్వేరు గ్రూపుల్లో వేయాలి, అలా వేశానని వాళ్లకు తెలియకూడదు. ఇదంతా బాస్‌ను ముట్టుకోకముందు. నా దగ్గర ఒక పట్టిక ఉంది. పేరు, పాత్ర, చివరగా వచ్చిన రోజు, రాలేనని ముందే చెప్పారా లేదా, చివరగా దక్కిన వస్తువు. తగాదాల్లో సగం ఆ చివరి గడి దగ్గరే పుడతాయి.

ఇప్పుడు చిలకపలుకు చెప్పిన 13 మంది సంగతికి వద్దాం. ఆ 13 మంది ఎవరు? ప్రతిసారీ వాళ్లే. మొదట్లో వాళ్లకు గర్వంగానే ఉంటుంది. కొన్నాళ్లకు "ఎప్పుడూ మేమేనా" అని మొదలవుతుంది. ఊరికే కూర్చునేవాళ్లు గిల్డ్ వదిలి పోరు, వాళ్లకు ఆ అవసరమే రాదు. నా గిల్డ్ నుంచి వెళ్లిపోయినవాళ్లందరూ బాగా పనిచేసినవాళ్లే, విసిగి వెళ్లారు. ఎర్ర అక్షరాలు నాకూ నచ్చవు. కానీ ఎవరు చేశారో, ఎవరు చేయలేదో లీడర్‌కు తెలియనే కూడదంటే ఒప్పుకోను.

చిలకపలుకు
మీకు తెలియడం వేరు, 30 మందికీ తెలియడం వేరు. మీరు విడిగా పిలిచి అడుగుతారు. మిగతావాళ్లు అలా అడగరు, గుంపుగా చూస్తారు.

గిల్డుగుమస్తా
అది ఒప్పుకుంటాను. అక్షరాలు ఆఫీసర్లకు మాత్రమే కనిపించాలి.

మందులసంచి
హీలర్‌గా ఒక మాట. ఎవరు చేశారో చూసేముందు, ఏది చేస్తే "చేసినట్టు" లెక్కో అది చూడండి. ఈ ఆటలో వారపు పని అంటే ఇన్ని రాక్షసులను చంపడం, ఇన్ని ఖనిజాలు తవ్వడం. ఒక సాయంత్రమంతా కొత్త ట్యాంక్ పక్కన నిలబడి బాస్ ఎప్పుడు తిరుగుతాడో, ఎప్పుడు వెనక్కి జరగాలో నేర్పించాను. ఆ కుర్రాడు ఇప్పుడు మా రైడ్‌కు ప్రధాన ట్యాంక్. ఆ సాయంత్రానికి నా ఖాతాలో పడింది సున్నా. రెల్లుగడ్డి చెప్పిన ఆవిడ కూడా ఇలాంటివారే అయి ఉంటారు.

ఫైనల్ ఫాంటసీ 14లో డంజన్ (జట్టుగా వెళ్లే రాక్షసుల గుహ) అయిపోయాక తోటి ఆటగాళ్లలో ఒకరికి మెచ్చుకోలు ఇవ్వవచ్చు. ముందే జట్టుకట్టి వచ్చిన స్నేహితులకు ఇవ్వడం కుదరదు, అపరిచితులకే ఇవ్వాలి. చిన్న విషయమే. కానీ బాగా ఆడారనీ, ఓపికగా ఆడారనీ ఎదుటి మనిషి చెబితే లెక్కలోకి వస్తుంది, చంపిన రాక్షసుల సంఖ్యను బట్టి కాదు.

నిప్పుకోడి
ఆ మెచ్చుకోళ్లు దాదాపు అన్నీ ట్యాంక్‌లకూ హీలర్లకే పోతాయి. కత్తి తిప్పేవాళ్ల ముఖం చూసేవారు లేరు.

మందులసంచి
కత్తి తిప్పేవాళ్లకు ఎవరెంత దెబ్బ కొట్టారో చూపే పట్టికలో మొదటి స్థానం ఉంటుంది కదా. ఆ డ్యామేజ్ పట్టికను బాస్ పడకముందే చాట్‌లో అతికిస్తారు కూడా.

ఒంటరితోడేలు
ఈ చర్చ చదువుతుంటే గిల్డ్ వదిలేసినందుకు హాయిగా ఉంది. ఉద్యోగంలో హాజరు పట్టీ, ఆటలోనూ హాజరు పట్టీ.

మూడోబెంచీ
గిల్డ్ వదిలేసిన మనిషి గిల్డ్ చర్చలో ఏమి చేస్తున్నారో.

ఒంటరితోడేలు
గుర్రం కోసం ఎదురుచూస్తున్నాను. వార్‌క్రాఫ్ట్‌లో లిచ్ కింగ్ అనే బాస్ దగ్గర దొరికే ఇన్విన్సిబుల్. ఒక్క శాతం చొప్పున దొరుకుతుందట. అది పడేదాకా వేరే పని లేదు.

లెక్కలపిచ్చి
ఒక్క శాతం అంటే 100 సార్లు ఆడితే ఖాయం అని చాలామంది అనుకుంటారు. 100 సార్లు ఆడినా దొరకనివాళ్లు దాదాపు 37 శాతం మంది ఉంటారు. 200 సార్లకు 13 శాతం. 300 సార్ల తర్వాత కూడా 20 మందిలో ఒకరు ఖాళీ చేతులతోనే తిరుగుతుంటారు. ఆ ఒకరు ఎవరన్నది నాకు అర్థమవుతూనే ఉంది.

ఒంటరితోడేలు
మీకు దండం.

అమావాస్య
గుమస్తా గారి "చివరి గడి" మాట నాకు తగిలింది. పెట్టె కన్నా వస్తువుల పంపకమే గిల్డ్‌లను ఎక్కువగా చంపింది. మా పాత గిల్డ్‌లో ముగ్గురు పెద్దలు కూర్చుని ఎవరికి ఏది ఇవ్వాలో తేల్చేవాళ్లు. కారణాలు చెప్పరు. "రైడ్‌కు ఏది మేలో చూసి ఇచ్చాం" అంటారు. ఆ మేలు ఎప్పుడు చూసినా ఆ ముగ్గురి పాత్రలకే జరిగేది.

పాతకాపు
అందుకే గదా డీకేపీ పుట్టింది. 1999లో ఎవర్‌క్వెస్ట్ వచ్చిన కొత్తలో పెద్ద డ్రాగన్లు రెండు, నాగఫెన్, వాక్స్. చంపడానికి పదుల కొద్దీ మనుషులు కావాలి, దొరికే వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వచ్చినవాళ్లకు వచ్చినందుకు పాయింట్లు, వస్తువు కావాలంటే ఆ పాయింట్లతో వేలం పాట పాడాలి. డ్రాగన్ కిల్ పాయింట్లు అన్న పేరు అక్కడిదే. ఆట తయారుచేసినవాళ్లు ఇచ్చింది కాదు, గిల్డ్‌వాళ్లే పెట్టుకున్న పద్ధతి.

దాని జబ్బులు దానివి. పాతవాళ్ల దగ్గర పాయింట్లు గుట్టలుగా పేరుకుపోతాయి, కొత్తగా చేరినవాడికి మంచి వస్తువు ఆమడ దూరం. అందుకని వారం వారం కొంత శాతం తరిగిపోయేలా పెట్టారు. అప్పుడు పాతవాళ్లు అలిగారు.

తుప్పుకత్తి
పాయింట్లకు బదులు బంగారంతోనే పాట పెట్టి, వచ్చిన సొమ్ము రైడ్‌లో ఉన్నవాళ్లందరూ పంచుకునే పద్ధతి కూడా ఉంది కదా, జీడీకేపీ. వస్తువు దక్కనివాడికి సొమ్మయినా దక్కుతుంది. నాకు అదే న్యాయంగా కనిపిస్తుంది.

అమావాస్య
ఆ బంగారం ఎక్కడిది? నిజం డబ్బులు పోసి బయట కొన్నది. పాత తరహా వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో సీజన్ ఆఫ్ డిస్కవరీ అనే విడతకు 2024 ఫిబ్రవరిలో రెండో దశ మొదలైనప్పుడు జీడీకేపీని నిషేధించారు. ఊరికే చేస్తారా?

తుప్పుకత్తి
కొనేవాడు ఏ పద్ధతి పెట్టినా కొంటాడు. నిషేధించాక మా సర్వర్‌లో రైడ్ జట్లు సగానికి పడిపోయాయి, బంగారం అమ్మేవాళ్ల ప్రకటనలు మాత్రం చాట్‌లో అలాగే ఉన్నాయి.

ఒంటరితోడేలు
ఎవరి వస్తువు వారి సంచిలోనే పడేలా చేస్తే ఈ గొడవే ఉండదు.

గిల్డుగుమస్తా
చేసి చూశారు కదా. 2018లో వార్‌క్రాఫ్ట్‌లో గిల్డ్ లీడర్ పంచే పద్ధతి తీసేసి ఎవరి వస్తువు వారికే అన్నారు. పైగా మన దగ్గర ఉన్నదాని కన్నా మెరుగైన స్థాయి వస్తువు పడితే, అది మనకు పనికిరాకపోయినా పక్కవాడికి ఇవ్వడానికి వీల్లేదు. పనికిరాని ఉంగరం నా సంచిలో, దాని కోసం నెలల తరబడి చూస్తున్న మాంత్రికుడు నా పక్కన. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ అనే భాగంలో మళ్లీ గుంపుగా పాచిక వేసే పద్ధతికి వచ్చారు. పంచుకునే వీలు తీసేస్తే తగాదాలు పోయిన మాట నిజం. ఒకరికి ఒకటి ఇచ్చే సంతోషం కూడా దాంతోపాటే పోయింది.

నిప్పుకోడి
చర్చ పెట్టె నుంచి ఉంగరం దాకా వెళ్లింది.

రెల్లుగడ్డి
వెళ్లనివ్వండి, అన్నీ రాసుకుంటున్నాను. ఒక సందేహం. ఆటవాళ్లు తప్పకుండా "రెండో రకం పెట్టె శిక్ష కాదు, మొదటిది అదనపు బహుమతి" అంటారు. దానికి ఏమి చెప్పాలి?

పాతకాపు
దానికి వార్‌క్రాఫ్ట్ పరీక్షా దశ కథ చెప్పండి. 2004లో ఆట విడుదలకు ముందు, చాలాసేపు ఆడితే అలసట వచ్చి అనుభవ పాయింట్లు తగ్గేలా పెట్టారు. ఆడినవాళ్లు మండిపడ్డారు. అప్పుడు దాన్ని తిరగేసి, విశ్రాంతి తీసుకుని వస్తే 200 శాతం, ఆ నిల్వ అయిపోయాక మామూలు 100 శాతం అన్నారు. లోపలి లెక్క దాదాపు అదే. జనం సంతోషించారు. బహుమతి, శిక్ష అన్నది చూపించే తీరులోనే ఉంటుందని వాళ్లకు అప్పుడే తెలుసు. అలాంటప్పుడు మన ఆటలో ఎర్ర రంగు ఎందుకు ఎంచుకున్నారో వాళ్లనే అడగండి.

కోటగుమ్మం
ఆవిడను తీసింది నేనే. రెల్లుగడ్డి ఈ చర్చ పెట్టారని ఇప్పుడే తెలిసింది.

మిగిలిన 29 మంది వారమంతా ఆడి పూర్తి చేశారు. అందులో ఒక విద్యార్థి రాత్రి 11 దాటాక కూర్చుని చివరి నిమిషంలో ముగించాడు, నాకు ఫోటో పంపాడు. పెట్టె తెరుచుకోలేదు. మర్నాడు నలుగురు నాకు విడివిడిగా ఒకే ప్రశ్న పంపారు. వాళ్లకు నేనేమి చెప్పాలి? స్నేహం గొప్పది, రాయి వదిలేసుకోండి అనా? ఆవిడకు మూడుసార్లు సందేశం పెట్టాను, జవాబు రాలేదు. "ఒక్క మాటైనా చెప్పకుండా" అని రాశారే, ఆవిడ సందేశాల పెట్టె చూసుకోమనండి.

పైగా ఆట నాకు ఇచ్చిన మీట ఒక్కటే, "తొలగించు". "ఈ వారం ఈమెను లెక్కలోంచి వదిలేయండి" అనే మీట ఉంటే అదే నొక్కేవాణ్ణి. లేదు.

రెల్లుగడ్డి
సందేశాలు ఆటలోని ఉత్తరాల పెట్టెకే పంపావు. ఆటలోకి రాని మనిషి అది ఎలా చూస్తుంది? ఆవిడ ఫోను నంబరు నీ దగ్గర ఉంది.

కోటగుమ్మం
ఆట విషయానికి ఇంట్లో ఉన్న మనిషికి ఫోను చేయడం నాకు ఇష్టం లేదు. ఆ హద్దు నాది.

మందులసంచి
ఆ హద్దు మంచిదే. కానీ తీసేముందు రెల్లుగడ్డిని అడిగి ఉండవచ్చు కదా.

కోటగుమ్మం
అడిగితే ఏమంటారో తెలుసు.

మూడోబెంచీ
ఇద్దరూ ఒకే గిల్డ్‌లో ఉండి ఇక్కడ మాట్లాడుకుంటున్నారు. గిల్డ్ చాట్ మూతపడిందా?

అమావాస్య
కోటగుమ్మం మీద అందరూ పడకండి. అధికారం చేతిలో ఉండి ఇంతకన్నా ఘోరాలు చేసినవాళ్లు ఉన్నారు. అంతరిక్ష నౌకల ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో 2009లో ఒక డైరెక్టర్ (అక్కడ ఆఫీసర్ లాంటివాడు) శత్రుపక్షంలో కలిసిపోయి, వెళ్తూ వెళ్తూ బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే మహా కూటమినే రద్దు చేశాడు. ఏళ్ల తరబడి కట్టుకున్నది ఒక్క మీటతో పోయింది. నియమాల ప్రకారమే చేశాడు, ఎందుకంటే ఆట అతని చేతికి ఆ మీట ఇచ్చింది. 2014 జనవరిలో అదే ఆటలో బీ-ఆర్5ఆర్‌బీ దగ్గర జరిగిన పెద్ద యుద్ధానికి మొదలు ఏమిటో తెలుసా? ఆ ప్రాంతం మీద హక్కుకు కట్టాల్సిన బిల్లు కట్టకపోవడం. టైటన్ అనే అతి పెద్ద నౌకలు 75 నాశనమయ్యాయి.

మూడోబెంచీ
గుమస్తా గారు, మీ పట్టికలో బిల్లులకు కూడా ఒక గడి పెట్టుకోండి.

గిల్డుగుమస్తా
పెట్టాను, ఇప్పుడే.

కోటగుమ్మం చెప్పిన సెలవు మీట సరైన కోరిక. నా పట్టికలో "రాలేనని ముందే చెప్పారా" అన్న గడి దాని కోసమే. నేను చేత్తో చేసుకునేది ఆట చేసి పెట్టాలి.

నిప్పుకోడి
సెలవు మీట పెడితే ప్రతి వారం పదిమందికి సెలవు ఇచ్చేసి 20 మందితో పెట్టె తెరుస్తారు. మా గిల్డ్ అయితే మొదటి రోజే ఆ పని చేస్తుంది.

చిలకపలుకు
సెలవులో ఉన్నవాళ్లకు ఆ వారం పెట్టె రాకపోతే సరిపోతుంది కదా? ఆడకపోతే బహుమతి ఉండదు, కానీ పక్కవాడి బహుమతికి అడ్డం పడరు. మాయ చేయడానికి ఎవరికీ లాభం లేదు.

నిప్పుకోడి
అలా అయితే సరే.

ఒంటరితోడేలు
ఇంకోటి కూడా అడగండి. ఫైనల్ ఫాంటసీ 14 నిర్మాత యోషిదా బహిరంగంగానే చెప్పారు, విసుగొస్తే చందా ఆపేసి వేరే ఆటలు ఆడుకోండి, కొత్త ప్యాచ్ వచ్చినప్పుడు రండి అని. అయినా ఆ ఆట మూతపడలేదు. వెళ్లనిచ్చే ఆటకే మనుషులు తిరిగొస్తారు.

తుప్పుకత్తి
అదే ఆటలో 45 రోజులు ఎవరూ అడుగుపెట్టకపోతే ఆటలో మనం కొనుక్కున్న ఇల్లు కూల్చేస్తారు. అది కూడా రాయండి.

ఒంటరితోడేలు
నాకు ఇల్లు లేదు. గుర్రం కూడా లేదు.

రెల్లుగడ్డి
ఫిర్యాదు ఇలా రాశాను, చూడండి. ఒకటి: అందరూ కాదు, ఎక్కువమంది పూర్తి చేస్తే పెట్టె తెరవాలి, లెక్కలపిచ్చి గారి అంకెలతో సహా. రెండు: పేర్లు ఆఫీసర్లకే కనిపించాలి, ఎర్ర రంగు తీసేయాలి. మూడు: సెలవు మీట, సెలవులో ఉన్నవాళ్లకు ఆ వారం పెట్టె ఉండదు. నాలుగు: కొత్తవాళ్లకు నేర్పిస్తే అది కూడా వారపు పనిలో చేరాలి, మెచ్చుకోలు పద్ధతిలో. వస్తువుల పంపకం గురించి రాయలేదు, దానికి వేరే ఫిర్యాదు కావాలి.

అమావాస్య
వేరే ఫిర్యాదు కాదు, వేరే గ్రంథం.

కోటగుమ్మం
మూడోది నా పేరుతో కూడా పెట్టండి. ఆవిడకు మళ్లీ ఆహ్వానం పంపాను, కొత్త సభ్యుల ర్యాంకుతో కాదు, పాత ర్యాంకుతో. వస్తారో రారో ఆవిడ ఇష్టం. వచ్చే వారం పెట్టె తెరుచుకోకపోతే ఆ నలుగురికీ రెల్లుగడ్డే జవాబు చెప్పాలి.

రెల్లుగడ్డి
చెబుతాను.

లెక్కలపిచ్చి
మొదటి అంశంలో "25 మంది" అని రాశారా? అలా రాస్తే 12 మంది ఉన్న చిన్న గిల్డ్‌ల గతి ఏమిటి? వంతుల్లో రాయండి. 12 మందిలో 10 మంది చాలు అంటే అదే 95 శాతం మనుషులతో 98 శాతం వారాల్లో తెరుచుకుంటుంది.

రెల్లుగడ్డి
మార్చి పంపేశాను. "ఆరింట అయిదు వంతుల సభ్యులు" అని పెట్టాను.

మూడోబెంచీ
ఆటవాళ్లకు భిన్నాలు పంపారా? ఇక జవాబు వచ్చినట్టే.